తప్పు చిరునామా

లండన్ నుంచి బయల్దేరిన పార్సిలు
ముందు మెదక్ పక్కనున్న నర్సాపురం వెళ్ళిందట.
నలభై రెండు రోజులు అక్కడ ఏ బల్లకింద పడుందో,
గోదారొడ్డు నర్సాపురం చేరేసరికి
దాని ఒంటి నిండా మూడు రంగుల సిరాలు, ఒక టీ మరక.

"కొలంబసు కంటే నయమేనయ్యా మస్తానూ,
ఇది దారి తప్పినా చివరికి ఇండియాలోనే తేలింది"
అన్నారు ఏబేలు గారు,
పురికొస ముడి పంటితో లాగుతూ.

కస్టమ్స్‌లో గుమాస్తా చేసి దిగిపోయిన మనిషి.
కొనేవన్నీ అవిటి పుస్తకాలే.
అట్ట ఊడినవి, మొదటి పేజీ లేనివి,
మ్యాపు ఎవరో బ్లేడుతో కోసుకుపోయినవి.
"మ్యాపుంటే ఇరవై రెట్లు చెబుతారు.
మనకెందుకూ మ్యాపు, మనం వెళ్ళొస్తామా?"

నావి తాలూకాఫీసు దస్తరాలకీ
రైసుమిల్లు పద్దులకీ అలవాటైన చేతులు.
మైదా గంజి, చిటికెడు మైలుతుత్తం, అంతే విద్య.
మూడున్నర వందల ఏళ్ళ కాయితం పట్టుకుంటే
కొత్త నోటులా పెళపెళలాడింది.
మొన్నమొన్నటి దస్తరాలేమో
ముట్టుకుంటే అప్పడాలు.

ఎనిమిదో తరగతి ఇంగ్లీషుతో
"ఫీ... ఫీ..." అని కూడబలుక్కుంటున్నాను.
"ఫీ కాదురా, సీ. సముద్రం.
ఆ రోజుల్లో ఎస్సు నిటారుగా నిలబడేది.
వంకర్లు తర్వాత నేర్చింది."

ఇవన్నీ ఎందుకండీ అని ఒక్కసారే అడిగాను.
లంకలో పుట్టాను కదా, అన్నారు.
వరద తీశాక ఒండ్రు మీద
వాళ్ళ తాత పొగాకు వేసేవాడు.
కాటా దగ్గర షావుకారుది ఏటా ఒకటే పాట:
"వర్జీనియా వచ్చాక మీ లంకాకు ఎవడిక్కావాల్రా?"
వర్జీనియా అంటే రాజమండ్రిలో ఎవరో షోకులావిడ
అనుకున్నాడట ఆ పిల్లాడు.
తాత నోటికాడ ముద్ద లాక్కున్న మనిషిని
ఒక్కసారి కళ్ళారా చూడాలనుకున్నాడట.

కరెంటు పోయిన సాయంత్రాలు
కొట్టు అరుగు మీద తెలుగు చేసి చెప్పేవారు.
ఓడ దిగినవాడు రాసుకున్నాడు, నేలంతా ఖాళీ అని.
రెండు వరసల కిందే రాసుకున్నాడు,
ఆ ఖాళీ నేలలో ఎవరో పాతర వేసుకున్న మొక్కజొన్న
తవ్వుకుని తిన్నామని.
ఏబేలు గారు నవ్వారు. నేను నవ్వలేదు.

ఆ ఖాళీ నాకు తెలుసు.
లంక భూముల రిజిస్టరు కుట్టింది నేనే.
బంజరు, బంజరు, బంజరు అని దిగుతూ దిగుతూ
నూటపద్నాలుగో పేజీలో, రిమార్కుల గడిలో
కొల్లాబత్తుల సువార్తయ్య, ఆక్రమణ.
ఆ సువార్తయ్య ఈయన తాత.
చెప్పలేదు. ఆయనకి తెలిసే ఉంటుంది.

అంచులు కోద్దామని కత్తి ఆన్చినప్పుడు చూశాను.
'ఇండియన్లు' అన్న మాట పక్కన, మార్జిన్లో,
పెన్సిలుతో: వీళ్ళు మనం కాదు.
దాని కిందే బాల్ పెన్నుతో, చెయ్యి వణికిన అక్షరాలు:
అంత గట్టిగా అనలేను.

కత్తి పక్కన పెట్టేశాను.
ఆ ఒక్క పుస్తకం అంచులు
ఎగుడుదిగుడుగా అలాగే ఉన్నాయి ఇప్పటికీ.

మ్యాపు పోయిన చోట ఒక తెల్ల కాయితం కుట్టమన్నారు.
పురుగు పట్టకుండా అందులో
ఎండిన లంక పొగాకు ఒకటి పరిచారు.
వానాకాలం, గాలంతా చెమ్మ.
వారం తర్వాత తీసి చూస్తే
ఆకు ఈనెలన్నీ దిగిపోయాయి కాయితం మీదికి,
నడుమ ఒక లావుపాటి గీత,
చివరికొచ్చేసరికి ఏడెనిమిది పాయలు.

"పాడైపోయిందండీ, మార్చేస్తాను" అన్నాను.
కళ్ళజోడు పైకి తోసుకుని చాలాసేపు చూశారు.
"ఉండనీ."

కూలి నూట ఇరవై.
రసీదు పుస్తకం తీసి అడిగాను,
ఏమని రాయమంటారండీ,
మ్యాపు ఉన్నట్టా, లేనట్టా?